నది లేని చోట పది నిమిషాలు

స్టుట్‌గార్ట్, 1944 సెప్టెంబర్ 6

ఒరే లోథార్,

పంపానన్న సబ్బు రాలేదు. పంపానన్న మాట మాత్రం భద్రంగా వచ్చింది. ప్రస్తుతానికి దాంతోనే ముఖం కడుక్కుంటున్నాను.

నాకు పని మారింది. స్పార్క్ ప్లగ్గులు ఏరే గదిలోంచి తీసి ఇంజిన్లు పరీక్షించే గదిలో వేశారు. మగవాళ్ళంతా మీ వైపు వెళ్ళిపోయాక మా హేబర్లే మేస్త్రీకి ఆడవాళ్ళ తెలివి మీద ఉన్నట్టుండి గురి కుదిరింది. "ఏడేళ్ళు బడిలో లెక్కలు చెప్పావు, నీ అంకెలు వంకర పోవమ్మా" అన్నాడు. పోవని నేనూ ఒప్పుకున్నాను. ఇందులో మొహమాటం ఎందుకు?

గది గోడలు మూరెడు మందం. ఇంజినును ఇనుప చట్రానికి బిగిస్తారు. దళసరి అద్దానికి ఇవతల నేను, చేతిలో గడియారం, ముందు పుస్తకం. అవతల నీళ్ళ కవాటం దగ్గర ఒదార్కా అనే ఉక్రెయిన్ పిల్ల. వాళ్ళ ఊళ్ళోంచి రైలు పెట్టెలో తోసి తెచ్చారు, చొక్కా రొమ్ము మీద తూర్పు కూలీ అని గుర్తు గుడ్డముక్క కుట్టారు, పన్నెండు గంటలు నిలబెడుతున్నారు. ఆమెతో మాట్లాడకూడదని గోడకు కాగితం అంటించారు. మూడో రోజే మాట్లాడాను. మీ అక్క గోడల మాట ఎప్పుడు విన్నది గనక!

మేం ఇప్పుడు పరీక్షిస్తున్నది నీకూ తెలిసిందే. నీ యుద్ధవిమానంలో సీటు వెనక తొట్టిలో మీ మెకానిక్ పోస్తాడే, సగం నీళ్ళు, సగం తాగితే కళ్ళు పోయే సారా. మేం సారానీళ్ళు అంటాం. మీట ముందుకు తోయగానే అది ఇంజిను పీల్చే గాలిలోకి చిమ్ముతుంది. గాలి చల్లబడుతుంది. ఇంజిను పగలకుండా ఇంకాస్త మింగగలుగుతుంది. ఇంకో మూడు వందల గుర్రాలు లేచి నిలబడతాయి. ఆ క్షణాన దాని గొంతు మారుతుందిరా! నిన్న నా కాఫీ కప్పు బల్ల మీద తనంతట తాను నడుచుకుంటూ పోయి కింద పడింది. బార్లీ గింజలు కాల్చి చేసిన ఉత్తుత్తి కాఫీయే లే, ఏడవనక్కర్లేదు.

ఇవన్నీ తపాలాలో రాస్తే నా మెడకు తాడే. అందుకని మీ వైపు విడిభాగాలు మోసే లారీ డ్రైవరు క్వీరిన్ చేతిలో పెడుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు. అతనికి సిగరెట్లు ఇవ్వడం మరిచిపోకు.

నీకంటే తొమ్మిదేళ్ళు ముందు పుట్టిన తెలివి,
ఓటిలీ


హనోవర్ దగ్గర, సెప్టెంబర్ 15

సర్వజ్ఞురాలైన అక్కా,

సబ్బు దొంగ క్వీరినే. ముఖం చూడు, ఎంత తెల్లగా ఉందో.

నువ్వు ఆ గదిలో ఉన్నావని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అడగడానికి ఇక్కడ మనిషి లేడు. మా వెండెలిన్ ఉన్నాడు గానీ, నా విమానం మెకానిక్కు, వాడిని ఏది అడిగినా ఒకటే పాట. "పది నిమిషాలు. పది కాగానే మూసెయ్. అయిదు నిమిషాలు ఊపిరి పీల్చుకోనియ్. తర్వాత కావాలంటే మళ్ళీ పది." సీటులో నన్ను పట్టీలతో కట్టేస్తూ చెప్తాడు, మూత వేస్తూ చెప్తాడు, కిందికి దూకాక వేళ్ళు పది చూపిస్తాడు. వాడి పెళ్ళాం వాడితో ఎలా వేగుతుందో!

సోమవారం ఏం జరిగిందంటే, నా వెనక అమెరికా వాడొకడు పడ్డాడు. సారానీళ్ళు తెరిచాను. వాడూ నేనూ సమానంగా పరుగెడుతున్నాం, నాకు వాడు దొరకడు, వాడికి నేను దొరకను. పది నిమిషాలు అయ్యాయి. బుద్ధిమంతుడిలా మూశాను. మూడు వందల గుర్రాలు పడుకున్నాయి. వాడు పడుకోలేదు. ఇంటికి వచ్చాక వెండెలిన్ నా తోకలో పదకొండు కన్నాలు లెక్కపెట్టాడు.

అందుకని అడుగుతున్నా. పదకొండో నిమిషంలో నిజంగానే పేలుతుందా? లేక ఎవరో గుమాస్తా భయపడి రాసిన అంకెనా? గడియారం పట్టుకునేది నువ్వు. పుస్తకంలో ఉన్నది చెప్పకు, చూసింది చెప్పు. రేడియోలో గెలుస్తున్నాం అంటున్నారు. నాకు అంత పెద్దవి అక్కర్లేదు, ఏ పూటకాపూట తిరిగి దిగితే చాలు.

నీ తోకలో కన్నాల తమ్ముడు,
లోథార్


స్టుట్‌గార్ట్, సెప్టెంబర్ 24

లోథార్,

పదకొండు కన్నాలు! అంత తేలిగ్గా రాస్తావా? చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను, పిమ్మట ఆ గుమాస్తా మీదికి మళ్ళించాను.

అడిగావు గనక చెప్తున్నా. చూసిందే చెప్తున్నా. ఈ నెలలో నాలుగు ఇంజిన్లను ఆగకుండా సారానీళ్ళ మీద నడిపాం. ఎంతవరకు ఓర్చుకుంటాయో చూద్దామని. మొదటిది ముప్ఫై నాలుగు నిమిషాలు నడిచింది. అదీ చెడిపోయి ఆగలేదు, తొట్టి ఖాళీ అయి ఆగింది. మిగతా మూడూ అంతే. విప్పి చూస్తే పిస్టన్లు శుభ్రంగా, కొత్త నాణేల్లా ఉన్నాయి. నాలుగు సార్లూ నేనే రాశాను, నా చేత్తో పడిన అంకె అది.

నాకు తెలుసు ఇది ఎలా జరుగుతుందో. ఒకడు ముప్ఫై అంటాడు, వాడి పైవాడు జాగ్రత్తకు ఇరవై అంటాడు, ఆ పైవాడు తన ఉద్యోగం జాగ్రత్తకు పది అని అచ్చు వేయిస్తాడు. బడిలో కూడా ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే గడియారం పావుగంట ముందుకు తిప్పేవాళ్ళం కదా. ఆ పావుగంట నీ తోకలో కన్నాలుగా పడకూడదు.

ఇరవై దాకా నిశ్చింతగా వాడుకో. నా మాట మీద వాడుకో. ఎవరికీ చెప్పకు.

పప్పు దొరికింది, నూడుల్సు చేసుకుని ఒదార్కాకు సగం మూటకట్టి తీసుకెళ్ళాను. దొంగచాటుగా కవాటం వెనక తిన్నది. ఉప్పు తక్కువైందని చెప్పింది! ఆ పిల్లంటే నాకు అందుకే ఇష్టం.

ఇంకెప్పుడూ నిన్ను బుద్ధిమంతుడిగా ఉండమనని,
ఓటిలీ


హనోవర్ దగ్గర, అక్టోబర్ 8

బంగారు అక్కా,

పదిహేడు నిమిషాలు! గురువారం. ముగ్గురు తరిమారు. నేను చెట్ల మీదుగా నేరుగా, కిందుగా, ఒకటే పరుగు. పది దాటింది, నీ మొహం తలుచుకున్నాను. పన్నెండు దాటింది. పదిహేను. వాళ్ళకు విసుగు పుట్టి వెనక్కి తిరిగారు. దిగి రెక్క మీద కూర్చుని రొట్టె తిన్నాను. ఇంజిను కూడా ఏం కానట్టే ఉంది.

వెండెలిన్ మాత్రం ప్లగ్గులు విప్పి చూసి నా ముందు పడేశాడు. సుద్దముక్కల్లా తెల్లగా మాడిపోయాయి. "ఎన్ని నిమిషాలు?" అన్నాడు. చెప్పాను. "ఎవడు చెప్పాడు నీకు?" అన్నాడు. అక్క అన్నాను. రెంచి నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి మాట్లాడటం లేదు, వేళ్ళు మాత్రం చూపిస్తున్నాడు. ప్లగ్గులదేముంది, పెట్టెలో ఇంకా ఉన్నాయి!

ఒక సంగతి మీద తిట్టకు. ఎవరికీ చెప్పకన్నావు, నేను ఒక్కడికే చెప్పాను. ఐలెర్ట్ అని మాకు కొత్తగా వచ్చాడు, ఎమ్డెన్ వాడు, పంతొమ్మిదేళ్ళు. పోయిన నెల బాంబులకు వాళ్ళ ఇల్లు పోయింది, వాళ్ళమ్మ ఎక్కడో పల్లెలో చుట్టాల పంచన ఉంది. నా రెక్క పక్కనే ఎగురుతాడు. నేను ఇరవై తెరిచి వాడు పది దగ్గర మూసేస్తే వాడు వెనకబడి చస్తాడు కదా. అందుకని చెప్పాను. వాడు నిన్ను చూడకుండానే నీ భక్తుడైపోయాడు.

పదిహేడు నిమిషాల తమ్ముడు,
లోథార్


స్టుట్‌గార్ట్, అక్టోబర్ 14

లోథార్,

ఇది కూర్చుని చదువు. ముందు విషయం చెప్తాను. నేను రాసిన ముప్ఫై నాలుగు తప్పు. ఇరవై తప్పు. పదే నిజం. పది దాటకు.

ఎలా తప్పో చెప్తాను. నిన్న ఒదార్కాకు నా గొప్ప చెప్పుకున్నాను. మా తమ్ముడికి ఇరవై నిమిషాలు ఇచ్చానన్నాను. అదీ మన గుమాస్తాలకు తెలియని రహస్యమన్నాను. ఆమె కవాటం మీద చేయి పెట్టి చూపించింది. తర్వాత తన వచ్చీరాని మాటల్లో అడిగింది:

"ఓటిలీ. ఇక్కడ నేను నీళ్ళు తిప్పుతా. నది మొత్తం వస్తది. పైన ఎవరు తిప్పుతారు?"

మా పరీక్ష గదిలో ఇంజినుకు రేడియేటరు లేదు లోథార్! నెక్కర్ నది నుంచి గొట్టం వేసి, చల్లటి నీళ్ళు ఒక వైపు నుంచి పంపి వేడినీళ్ళు ఇంకో వైపు నదిలోకి వదిలేస్తాం. ఎంత వేడెక్కితే అంత తిప్పుతుంది ఒదార్కా. నాలుగు సార్లూ ఆమె కవాటం పూర్తిగా తెరిచే ఉంచింది. నేను అద్దం ఇవతల గడియారం చూస్తూ కూర్చున్నాను, నీళ్ళ వైపు చూడనేలేదు. నీకు పైన ఉన్నది రెక్కల కింద రెండు చిన్న రేడియేటర్లు, ఆ కాసిని నీళ్ళు. నేరుగా పరుగెత్తితే గాలి తగిలి కొంత నయం. ముక్కు పైకెత్తి ఎక్కుతుంటే అదీ తగలదు.

హేబర్లేని అడిగాను. ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అది అందరికీ తెలిసిందే కదమ్మా, ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు" అన్నాడు. అందరికీ అంటే మగవాళ్ళకు, పదిహేనేళ్ళు ఇక్కడ పనిచేసినవాళ్ళకు. నేను వచ్చి అయిదు వారాలు. అయినా నేను అడగాల్సింది. లెక్కలో ఒక పద్దు వదిలేసి జవాబు సరిగ్గా వచ్చిందని ఎగిరిన పిల్లలకు ఎన్నిసార్లు చెవి మెలిపెట్టానో!

ఒదార్కా నాకు చెప్పకపోయినా అడిగే దిక్కు లేదు. మీ విమానాలు ఎక్కువసేపు ఎగిరితే ఆమెకు ఒరిగేదీ ఏమీ లేదు. ఎందుకు చెప్పావు అంటే భుజాలు ఎగరేసింది.

రేపు తెల్లారే క్వీరిన్ బయల్దేరుతున్నాడు. ఇది చేతికి అందగానే వెండెలిన్‌కు క్షమాపణ చెప్పు, నా తరఫున కూడా.

తప్పు ఒప్పుకోవడం రాక ఇంత పొడుగు రాసిన,
ఓటిలీ


ప్రాణాలతో ఉన్నట్టు తెలిపే కార్డు. పది మాటలు మించరాదు.
స్టుట్‌గార్ట్, అక్టోబర్ 20

క్షేమం. ఇల్లు పోయింది. నిమిషాల సంగతి రాశానుగా, అందరికీ చెప్పు. ముందు ఐలెర్ట్‌కి.


హనోవర్ దగ్గర, అక్టోబర్ 26

అక్కా, అక్కా,

ఎర్ర అంచు కార్డు చూడగానే రాసింది నువ్వేనా అని వెతికాను. నీ చేతిరాత చూశాక మా ఐలెర్ట్‌ను ఎత్తుకుని గిరగిరా తిప్పాను. ఇల్లు పోతే పోనీ. నువ్వున్నావు. ఎక్కడ పడుకుంటున్నావు? పరుపులు దక్కాయా?

క్వీరిన్ మొహం చూసి దాదాపు మూడు వారాలైంది. లారీకి టైర్లు లేక అక్కడే ఆగిపోయాడట కదా, ఇంకో డ్రైవరు చెప్పాడు. అందుకే ఇది మామూలు తపాలాలో వేస్తున్నా, ఇంజిను పేరు, నువ్విచ్చిన అంకె రాయకుండా.

మొదట ఎవరికీ చెప్పకన్నావు, ఇప్పుడేమో పది మాటలు ఇస్తే అందులో ఏడు దీనికే ఖర్చుపెట్టావు! బాంబులు పడ్డాక నీకు ధైర్యం రెట్టింపయినట్టుంది. నువ్వు చెప్పావంటే చెప్పినట్టే. ఉదయం కాఫీల దగ్గర ఏడుగురినీ కూర్చోబెట్టి నువ్వు సెప్టెంబరులో రాసింది చెప్పేశాను. నెలంతా అందరూ పది దగ్గర బిక్కుబిక్కుమంటూ మూసేవాళ్ళే. ఒక్కొక్కడి మొహం వెలిగిపోయింది. నువ్వు ముందు వాడికే చెప్పమన్నావని ఐలెర్ట్ గర్వానికి హద్దు లేదు. కార్డు అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఇచ్చేశాను, ఏమనుకోకు.

వెండెలిన్ బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోయాడు. వాడి సంగతి వదిలెయ్.

నీ మాట జవదాటని తమ్ముడు,
లోథార్


స్టుట్‌గార్ట్, నవంబర్ 1

లోథార్, ఇది తపాలాలోనే వేస్తున్నా, ఎవరు విప్పి చదివినా చదవనీ. క్వీరిన్‌కు నేనిచ్చిన ఉత్తరం నీకు చేరలేదని నీ ఉత్తరం చూశాక తెలిసింది. అతను పదిహేనునే బయల్దేరాడనుకున్నాను. కార్డులో చెప్పమన్నది ఆ ఉత్తరం సంగతి. సెప్టెంబరులో రాసింది తప్పు. నా తప్పు. సారానీళ్ళు పది నిమిషాలే. పది. ఏడుగురికీ పేరు పేరునా చెప్పు, ఇప్పుడే లేచి వెళ్ళి చెప్పు.

ఓటిలీ


హనోవర్ దగ్గర, నవంబర్ 9

ప్రియమైన అక్కకు,

నీ చీటీ వచ్చింది. మర్నాడే క్వీరిన్ కూడా వచ్చాడు, నీ పెద్ద ఉత్తరంతో. ఏం కంగారు పడకు. అన్నీ సమయానికే అందాయి. అందరికీ చెప్పేశాను. అందరూ పదికే మూస్తున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

వెండెలిన్, నేను రాజీపడ్డాం. మంచివాడు. నది సంగతి చదివి వినిపిస్తే నువ్వు పంపిన క్షమాపణ తీసుకున్నాడు.

ఐలెర్ట్‌ను వేరే దళానికి బదిలీ చేశారు. తూర్పు వైపు. మంచి చోటే అంటున్నారు. అందుకని వాడి నుంచి నీకు కబుర్లు ఉండవు.

ఇక్కడ బాగా చలిగా ఉంది. మంచు మూలంగా మూడు రోజులుగా ఎగరడం లేదు. నువ్వు ఒంటి సంగతి చూసుకో. ఆ ఉక్రెయిన్ అమ్మాయికి నా కృతజ్ఞతలు చెప్పు.

నీ తమ్ముడు,
లోథార్


స్టుట్‌గార్ట్, నవంబర్ 21

లోథార్,

హేబర్లే వాళ్ళ నేలమాళిగలో పడుకుంటున్నాను. పరుపు దక్కలేదు, కుట్టు మిషను దక్కింది. వాళ్ళావిడ పులిసిన ఆపిల్ రసం పోసి పోసి నన్ను బతికిస్తోంది. కులాసాగానే ఉన్నాను, తిండి దిగుతోంది.

నువ్వు నాకు అబద్ధం రాశావు. నా మంచికే రాశావు, తెలుసు. జోకు ఒక్కటి కూడా లేని ఉత్తరం నువ్వు ఎప్పుడు రాశావు గనక? నేను నమ్మాలని చూశాను. నాలుగు రోజులు నమ్మాను కూడా.

పోయిన శుక్రవారం విప్పే బల్ల మీదికి ఇంజిను ఒకటి వచ్చింది. చెడిపోయినవి ఎందుకు చెడిపోయాయో చూడటానికి మా దగ్గరికే పంపుతారు, ఆ సంగతి నీకు తట్టి ఉండదు. బీట్‌రూట్ చేలోంచి తవ్వి తీశారట, మట్టి ఇంకా ఉంది. పిస్టన్లలో రెండు మైనంలా కారిపోయి కన్నాలు పడ్డాయి. దాని మెడకు చీటీ కట్టి ఉంది. తేదీ అక్టోబర్ 28. పైకి ఎక్కుతుండగా నిప్పంటుకుంది. పక్క విమానం చెప్పిన ప్రకారం సారానీళ్ళు తెరిచి ఇరవై మూడు నిమిషాలు. పైలెట్ దూకలేదు. కింద ఐలెర్ట్ పేరు. పక్క విమానం ఎవరిదో చీటీలో లేదు, ఉండాల్సిన పనీ లేదు.

ఒదార్కా వచ్చి నా పక్కన నిలబడింది. ఆమెకు మన అక్షరాలు రావు. "తమ్ముడా?" అంది. కాదు అన్నాను. "మంచిది" అంది. చీటీ చూపించి, "ఇతనికి ఎవరున్నారు?" అంది. అమ్మ ఉంది అన్నాను.

ఆ రోజు సాయంత్రం హేబర్లేతో పోట్లాడి ఒక పరీక్ష చేయించాను. రేడియేటరు ఎంత చల్లబరచగలదో అంతకే నీళ్ళు, చుక్క ఎక్కువ కాదు. ఒదార్కా కవాటాన్ని గీత మీద పట్టుకుని నిలబడింది, వేళ్ళు ఎర్రబడిపోయాయి. పన్నెండో నిమిషంలో ఇంజిను కొట్టుకోవడం మొదలుపెట్టింది. పద్నాలుగులో ఆపేశాం, ఆపకపోతే గది ఉండేది కాదు. ఇది నేను కళ్ళారా చూసింది, ఈసారి అద్దం అవతల కూడా చూశాను. పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. కొత్తగా వచ్చేవాళ్ళకు మొదటి రోజే చెప్పేలా గోడ మీద ఇంకో కాగితం కూడా అంటించాం. ఈ పని ఇక నా ఇష్టప్రకారమే జరుగుతుంది, హేబర్లే ఒప్పుకున్నాడు.

నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావని నాకు ఇక్కడికి వినిపిస్తోంది. మానెయ్. ఆ అంకె నీది కాదు. నువ్వు అడిగావు, నేను చెప్పాను, అది నిజమని నమ్మావు. రేపు నువ్వు విమానం ఎక్కాలి, ఎక్కేటప్పుడు తల తేలిగ్గా ఉండాలి. వెండెలిన్ వేళ్ళు చూసి ఎక్కు.

ఐలెర్ట్ వాళ్ళమ్మకు మీ అధికారి అచ్చు ఉత్తరం పంపి ఉంటాడు, శత్రువు కాల్చాడని. ఆమె అది ఎవరికి చూపించి ఏడుస్తోందో. కొడుకు విమానాన్ని ఎవరూ కాల్చలేదనీ, ఆ పిల్లవాడు ఏ పొరపాటూ చేయలేదనీ, స్టుట్‌గార్ట్‌లో ఓటిలీ క్నాప్ అనే మనిషి ఇచ్చిన అంకెను నమ్మాడనీ ఆమెకు తెలియాలి. హేబర్లే వద్దంటున్నాడు. ఇలాంటివి కాగితం మీద పెడితే విద్రోహం కింద జమకట్టి తల తీస్తారంటున్నాడు. తీయవచ్చు. నేను ఆలోచించే రాస్తున్నాను.

ఆమె ఏ పల్లెలో ఉందో నీకు తెలుసు. చిరునామా పంపు.

ఓటిలీ